రెండో గోలీ

మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్ యార్డుకు మక్కలో పసుపో తెచ్చిన రైతుకు ఆ రోజు తన చేతిలో ఉండదు. కుప్ప పోసి, ధర పలికి, కాంటా అయి, తక్‌పట్టీ చీటీ చేతికొచ్చేసరికి ఎంత పొద్దవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. బువ్వ వేళ తప్పుతుంది, చాయలు మాత్రం ఒకదాని వెంట ఒకటి కడుపులో పడుతుంటాయి. అట్లా వచ్చినవాళ్లలో యాభై దాటినవాళ్ల అంగీ జేబు తడిమితే ఈమధ్య బీడీకట్టతో పాటు గోలీల షీట్లు కూడా తగులుతున్నాయి. కొందరి దగ్గర రెండు రకాలు. ఒకటి షుగర్‌ది, ఒకటి బీపీది.

రెండింట్లో ఒకటి మానాల్సి వస్తే ఏది మానతారు? పైసలు తక్కువపడినా, దవాఖానకు పోవడం కుదరకపోయినా, ఇన్ని గోలీలు మింగితే కడుపు ఖరాబవుతుందని పక్కింటివాళ్లు చెప్పినా, ముందు ఆగేది బీపీ గోలీయే. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగితే నడిచే మాటలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఇట్లాగే ఉంటాయి.

"పెద్దయ్యా, గోలీలు వేసుకుంటున్నవా?"

"షుగర్‌ది తప్పుతలేను బిడ్డా. బీపీది ఆపిన. మంచిగనే ఉన్నది గద. తల నొస్తలేదు, కండ్లు తిరుగుతలేవు."

పెద్దయ్య మాటను అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. కానీ అందులో ఒక లెక్క ఉంది. షుగర్ బాగా పెరిగితే మనిషికి తెలుస్తుంది. రాత్రి నాలుగుసార్లు లేవాలి, నాలుక ఎండుతుంది, కాలికి తగిలిన చిన్న దెబ్బ నెల దాటినా మానదు. పొరుగింట్లో ఎవరికో వేలు తీసేశారన్న కబురు భయపెడుతుంది. బీపీకి ఇట్లాంటి సాక్ష్యం ఏదీ ఉండదు. 170 ఉన్నప్పుడూ మనిషి నాగలి పట్టగలడు, బస్తా మోయగలడు, పెళ్లిలో పప్పన్నం తిని హాయిగా నిద్రపోగలడు. బాధ పెట్టని జబ్బుకు మందెందుకన్నది అతని ప్రశ్న.

దానికి జవాబే ఈ అధ్యాయం. ముందే చెప్పేస్తాను: షుగర్ ఉన్న మనిషిని పక్షవాతం నుంచీ, కిడ్నీ చెడిపోవడం నుంచీ, చూపు పోవడం నుంచీ కాపాడడంలో ఆ రెండో గోలీ వాటా మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు, కొన్నిచోట్ల ఎక్కువే. పైగా దానికొక మొండి గుణం ఉంది. వేసుకున్నంత కాలమే కాపలా కాస్తుంది. ఆపిన తర్వాత పాత మేలు ఏదీ నిలవ ఉండదు.

ఈ రెండు జబ్బులూ ఎంతమందికి ఉన్నాయో చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2008 నుంచి 2020 దాకా రాష్ట్రాలన్నీ తిరిగి 1,13,043 మంది పెద్దవాళ్లను పరీక్షించారు. ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. నూటికి 11.4 మందికి షుగర్, 35.5 మందికి బీపీ. జనాభా లెక్కకు మారిస్తే షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు, బీపీ ఉన్నవాళ్లు 31 కోట్ల పైచిలుకు. ఇవి రెండు వేరు వేరు గుంపులనుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లలో సగం మంది దాకా బీపీ గుంపులోనూ ఉంటారు, వయసు పెరిగేకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. పల్లెకు ఈ బెడద లేదనే మాట ఎప్పుడో చెల్లిపోయింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లు ఎంచుకుని, ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణాలేమిటో ఇంటింటికీ తిరిగి ఆరా తీశారు. జ్వరాలు, విరేచనాలు, క్షయ పైన ఉంటాయనుకున్న చోట గుండెజబ్బులూ పక్షవాతాలూ కలిసి నూటికి 32 మరణాలతో మొదటి స్థానంలో నిలిచాయి. ఇరవై ఏళ్ల కిందటి మాట అది.

షుగర్ వచ్చినవాళ్లకే బీపీ ఎందుకు తోడవుతుంది? కారణం ఇన్సులిన్‌లోనే ఉంది. రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపడం ఇన్సులిన్‌కు తెలిసిన పనుల్లో ఒకటి మాత్రమే. మూత్రపిండానికి అది ఇంకో ఆజ్ఞ కూడా ఇస్తుంది: ఉప్పును బయటికి పోనీయకు, దాచిపెట్టు. పెద్ద వయసులో వచ్చే షుగర్‌లో కండరం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. మాట చెల్లడం లేదని శరీరం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తుంది. చిత్రమేమంటే, కండరం చెవిటిదైనా మూత్రపిండం చెవులు బాగానే పనిచేస్తుంటాయి. పెరిగిన ఇన్సులిన్ ఆజ్ఞను అది తూచా తప్పకుండా పాటించి ఉప్పును పట్టి ఉంచుతుంది. ఉప్పున్న చోటికి నీరు చేరుతుంది, నాళాల్లో రక్తం పరిమాణం పెరుగుతుంది. అదే ఇన్సులిన్ ఉద్వేగపు నరాలను రేపి గుండె వేగాన్నీ నాళాల బిగువునూ పెంచుతుంది. మరోవైపు, ఏళ్ల తరబడి ఎక్కువ చక్కెర పారిన నాళాల లోపొర తనను తాను సడలించుకునే నైట్రిక్ ఆక్సైడును చాలినంత తయారుచేయలేదు. నాళాలు గట్టిపడతాయి. అందుకే షుగర్ ఉన్న పెద్దవాళ్లలో చాలాసార్లు పై అంకె ఒక్కటే ఎగబాకుతుంది, కింది అంకె మామూలుగానే ఉంటుంది. 'కిందిది బాగానే ఉంది గద' అని ఊరుకోవడానికి లేదు.

రెండూ కలిస్తే నష్టం ఎందుకు రెట్టింపును కూడా దాటుతుందో చెప్పడానికి కేసముద్రంవాళ్లు చూసిన సంగతే ఒకటి ఉంది. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుంభవృష్టికి కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. కింద కంకరా మట్టీ పోయి పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. పైన ఇనుము ఎంత గట్టిదైతేనేం, కింద పట్టు వదులైన చోటుకు వరద రావడమే ఆలస్యం. రక్తనాళం గోడలోనూ జరిగేది ఇదే. చక్కెర ఏళ్లు తీసుకుని లోపలి పట్టును వదులుచేస్తుంది. ఆ వదులైన గోడ మీదికి ప్రతి నాడి కొట్టుకూ, రోజుకు లక్షసార్లు, ఒత్తిడి వచ్చి పడుతుంది. అంతకన్నా ముఖ్యమైన మాట: వదులైన కట్టను బాగుచేయడం కష్టం, సమయం పడుతుంది. వరద మట్టాన్ని తగ్గించడం మాత్రం ఒక చిన్న గోలీతో వారాల్లో అయ్యే పని.

ఈ దెబ్బ అన్నిటికన్నా ముందు తగిలేది మూత్రపిండాలకూ కంటిపొరకూ. రెండు చోట్లా నాళాలు వెంట్రుక కన్నా సన్నవి. మూత్రపిండం సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే డాక్టర్లు షుగర్ ఉన్నవాళ్లకు ఫలానా బీపీ మందే ఎందుకు రాస్తారో అక్కడే తెలుస్తుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత ఉండలుంటాయి. ఒక్కో ఉండలోకి రక్తాన్ని తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరున్నరో రెండు లీటర్లో తప్ప మిగతాదంతా మళ్లీ లోపలికి తీసుకుంటాయి. ఒంట్లో బీపీ పెరిగినప్పుడు మామూలు మనిషిలో తెచ్చే నాళం తనంతట తానే బిగుసుకుని ఆ ఒత్తిడి లోపలి ఉండను తాకకుండా అడ్డుపడుతుంది. షుగర్ ఉన్న మనిషిలో ఆ కాపలా దెబ్బతింటుంది. తెచ్చే నాళం తెరుచుకునే ఉంటుంది, పోయే నాళాన్ని యాంజియోటెన్సిన్ అనే రసాయనం బిగిస్తుంది. బయటి ఒత్తిడంతా నేరుగా లోపలికే వస్తుంది. ఉండలు చిరుగుతాయి, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి కారడం మొదలవుతుంది.

కారడం మొదలైన చాలా ఏళ్లదాకా మనిషికేమీ తెలియదు. ఎక్కువమంది చేయించుకునే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా ఏమీ చెప్పదు. అది పెరిగినట్టు కాగితం మీద కనబడేసరికి మూత్రపిండాల సత్తువలో పెద్ద భాగం ఖర్చయిపోయి ఉంటుంది. ముందుగా పట్టిచ్చేది మూత్రంలో అల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ ఉండే నిష్పత్తి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. ఒక్కసారి పోసిన మూత్రం చాలు, సూది గుచ్చే పని కూడా లేదు. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి చేయాలని వైద్య మార్గదర్శకాలు ఏనాటినుంచో చెబుతున్నా, పల్లెల్లో ఎక్కువగా వదిలేస్తున్న పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. పరగడుపు షుగర్ నెలకోసారి చూపించుకునే మనిషి ఈ పరీక్ష పేరే విని ఉండడు.

పోయే నాళాన్ని బిగించే యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుంటే? టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ చేసేది అదే. ఒంటి బీపీని తగ్గించడంతో పాటు వడపోత ఉండ లోపలి ఒత్తిడిని ప్రత్యేకంగా దించుతాయి. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో షుగర్ వల్ల కిడ్నీ చెడిపోతున్న 1,513 మందిలో లోసార్టన్ వాడినవాళ్లకు డయాలసిస్ దశకు చేరే ముప్పు 28 శాతం తగ్గింది. అల్బుమిన్ కారుతున్న మనిషికి ఈ జాతి మందు రాయకపోతే ఎందుకు రాయలేదని డాక్టరును అడగడంలో తప్పులేదు.

ఈ మందుల పుట్టుకలో పాములున్నాయి, చెప్పకుండా ముందుకు పోలేను. బ్రెజిల్ అడవుల్లో జరరాకా అనే రక్తపింజరి జాతి పాము ఉంది. అది కరిచిన మనిషికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ విషంలో ఏముందో 1960లలో సెర్జియో ఫెరేరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త వెతికాడు. ఆ దారిలోనే అమెరికాలో కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు క్యాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో అది మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు పల్లె దవాఖానల్లో దొరికే ఎనలాప్రిల్ దాని తమ్ముడే, టెల్మిసార్టన్ అదే తోవలో కొంచెం దిగువన పనిచేసే మందు. అంతకు యాభై ఏళ్ల ముందే మన దేశంలో సర్పగంధ వేరు మీద పని జరిగింది. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే అది బీపీని దించుతుందని రాశారు. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ రోగుల మీద చూసిన ఫలితాలను 1949లో బ్రిటిష్ గుండె వైద్య పత్రికలో అచ్చువేసి ప్రపంచానికి చూపాడు. ఆ వేరు నుంచి తీసిన రిసెర్పిన్ కొన్నేళ్లపాటు పెద్ద మందుగా వెలిగింది, మనుషులను దిగులులోకి నెడుతోందన్న నివేదికలు వచ్చాక వెనక్కి తగ్గింది. 'చెట్టు మందుకు సైడ్ ఎఫెక్టులుండవు' అనేవాళ్లకు ఈ కథ తెలిస్తే బాగుండును.

ఇక అసలు సాక్ష్యానికి వద్దాం. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా బ్రిటన్‌లో ఇరవై ఏళ్లపాటు నడిచిన యూకేపీడీఎస్ అనే అధ్యయనంలో షుగరూ బీపీ రెండూ ఉన్న 1,148 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు బీపీని గట్టిగా పట్టారు, సగటున 144/82కు దించారు. రెండో గుంపుకు కాస్త వదులుగా, 154/87 దగ్గర ఉంచారు. తేడా పదే పది పాయింట్లు. ఎనిమిదేళ్ల పైచిలుకు గడిచాక, 1998లో లెక్క తీస్తే గట్టిగా పట్టిన గుంపులో పక్షవాతాలు 44 శాతం తక్కువ, షుగర్‌కు సంబంధించిన మరణాలు 32 శాతం తక్కువ, కళ్లూ కిడ్నీల వంటి సన్న నాళాల జబ్బులు 37 శాతం తక్కువ. అదే అధ్యయనంలో షుగర్‌ను గట్టిగా పట్టిన వేరే గుంపులో అన్ని రకాల ఉపద్రవాలూ కలిపి 12 శాతం తగ్గితే, బీపీ గుంపులో 24 శాతం తగ్గాయి. రెండు గుంపుల మనుషులూ ఒకటి కాదు కాబట్టి అంకెలను ముఖాముఖి తూచడం పూర్తిగా న్యాయం కాదు. అయినా పది పాయింట్లు ఎంత పని చేశాయో కళ్లకు కడుతుంది.

కథలో మలుపు తర్వాత ఉంది. అధ్యయనం ముగిశాక అందరినీ వాళ్ల మామూలు డాక్టర్ల దగ్గరికి పంపేసి, దూరం నుంచి పదేళ్లపాటు గమనించారు. ఫలితాలు 2008లో వచ్చాయి. షుగర్ విషయంలో రెండు గుంపుల మధ్య అంకెల తేడా ఏడాదిలోనే చెరిగిపోయింది. కానీ మొదట గట్టిగా పట్టినవాళ్లకు మేలు మాత్రం పదేళ్ల తర్వాతా నిలిచే ఉంది, గుండెపోట్లూ మరణాలూ తక్కువగానే ఉన్నాయి. తొలి ఏళ్లలో షుగర్ మీద పెట్టిన శ్రద్ధ పొదుపు సొమ్ములా మిగిలిందన్నమాట. బీపీ విషయంలో అంకెల తేడా రెండేళ్లలో పోయింది, దానితో పాటే మేలూ పోయింది. ఎనిమిదేళ్లు కష్టపడి సంపాదించిన రక్షణలో చిల్లిగవ్వ మిగల్లేదు.

ఊళ్లలో ఒక భయం ఉంది: 'బీపీ గోలీ ఒక్కసారి మొదలుపెడితే జిందగీ మొత్తం వేసుకోవాలె, అలవాటైతది'. అందుకే మొదలుపెట్టడానికే జంకుతారు, మొదలుపెట్టినా అంకె మామూలుకు రాగానే తగ్గిపోయిందని ఆపేస్తారు. గోలీకి మత్తుమందులాంటి అలవాటేమీ లేదు. జిందగీ మొత్తం వేసుకోవాలన్న మాట మాత్రం నిజం. అంకె మామూలుగా ఉన్నది గోలీ ఉన్నందువల్ల. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, మందు తగ్గించే స్థితి వచ్చేవాళ్లూ ఉంటారు. ఆ నిర్ణయం అంకెలు చూసి డాక్టరు చేయాల్సింది.

ఎంతకు దించాలన్నది ఇంకా ముగియని వాదం. దవాఖానలో 140/90 దాటితే బీపీ అంటారు, షుగర్ ఉన్నవాళ్లకు 130/80 లోపు ఉంచడం మంచిదని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. 2010లో అమెరికా, కెనడాలలో 4,733 మంది మీద చేసిన అధ్యయనంలో పై అంకెను 120 లోపుకు దించితే పక్షవాతాలు తగ్గాయి గానీ మొత్తం గుండెజబ్బుల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మందుల ఇబ్బందులు పెరిగాయి. 2024లో చైనాలో 12,821 మంది మీద అదే ప్రశ్న వేస్తే 120 గుంపులో గుండెపోటు, పక్షవాతం వంటి ఉపద్రవాలు 21 శాతం తగ్గాయి. వయసు మళ్లి, లేచి నిలబడితే తూలే మనిషికి 120 వెంట పరుగెత్తడం ప్రమాదం. యాభైలో ఉన్న గట్టి మనిషికి అందుకోదగ్గది. ఈ తకరారుల మధ్య మరచిపోకూడని సంగతేమంటే, మన దగ్గర సమస్య 130కా 120కా అన్నది కాదు. 160తో తిరుగుతూ తమకేమీ లేదనుకునేవాళ్లది.

మందు తర్వాత ఉప్పు. షుగర్ వచ్చిందనగానే ఇంట్లో మొదట కట్టయ్యేది చక్కెర చాయ, తర్వాత అన్నం. ఉప్పు జోలికి ఎవరూ పోరు. తెలుగు నేల మీద ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి కొలిచిన ఒక సర్వేలో మనిషి సగటున రోజుకు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూనుకు మించకుండా. పట్నంలో ఉప్పు చిప్స్ ప్యాకెట్లోంచి వస్తే వరంగల్ పల్లెలో మామిడికాయ తొక్కు, పచ్చిపులుసు, సద్దిలో నంజుకునే కారం, పప్పుచారు నుంచి వస్తుంది. వండే చేయి వేసే ఉప్పే ఎక్కువ కాబట్టి తగ్గించడమూ ఆ చేతిలోనే ఉంది. తొక్కు పూర్తిగా మానమంటే ఎవరూ మానరు, మానమనడం నాకూ ఇష్టం లేదు. రెండు పూటల తొక్కును ఒక పూటకు, గరిటెడును వేలికొసంతకు తెస్తే చాలా దూరం వచ్చినట్టే. ఉప్పు తగ్గిన కూర నాలుకకు కొన్ని వారాలు చప్పగా ఉంటుంది, ఆ తర్వాత పాత కూరే ఉప్పగా తోస్తుంది. మరి ఎండలో చెమటోడ్చేవాళ్లకు ఉప్పు వద్దా అంటారు. రోజూ పొలం పనికి అలవాటుపడిన ఒంటి చెమటలో ఉప్పు తక్కువే పోతుంది, తిండిలో వచ్చేదే దానికి చాలు.

ఈ విషయంలో మన తెలంగాణలోనే మంచి పని జరిగింది. సిద్దిపేట దగ్గర ఏడు ఊళ్లలో బీపీ ఉన్న 502 మందికి మూడు నెలలపాటు వంటకు ఉప్పు ఇచ్చారు. సగం మందికి మామూలుది, సగం మందికి 70 పాళ్లు సోడియం, 30 పాళ్లు పొటాషియం కలిసినది. ఎవరికి ఏది వచ్చిందో తిన్నవాళ్లకూ తెలియదు, కొలిచినవాళ్లకూ తెలియదు. పొటాషియం ఉప్పు తిన్నవాళ్ల పై అంకె 4.6 పాయింట్లు తగ్గింది. 2021లో ఈ ఫలితం వచ్చిన ఏడాదే, చైనా పల్లెల్లో 20,995 మంది మీద ఐదేళ్లు సాగిన అధ్యయనం ఇట్లాంటి ఉప్పుతో పక్షవాతాలు 14 శాతం తగ్గాయని చూపింది. కూర రుచి దాదాపు మారకుండా బీపీ తగ్గించే ఉప్పు! కానీ షుగరూ బీపీ కలిసి ఉన్నవాళ్లు ఇక్కడే ఆగాలి. కిడ్నీ దెబ్బతిన్న మనిషి పొటాషియంను బయటికి పంపలేడు. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివీ పొటాషియంను కొంత పట్టి ఉంచుతాయి. రక్తంలో అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ ఉప్పును సిఫారసు చేస్తూనే కిడ్నీ జబ్బున్నవాళ్లను మినహాయించింది. రక్తపరీక్ష చూపించి అడగకుండా దుకాణంలో 'బీపీ ఉప్పు' అని కొనడం వద్దు.

కిడ్నీకి ఉప్పు కన్నా తొందరగా చేటు చేసేది మరొకటుంది: నొప్పి గోలీ. పత్తి ఏరి, మిర్చి తెంపి, బస్తాలెత్తి నడుము పట్టేసినవాళ్లు సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూదో, రెండు డైక్లోఫెనాక్ గోలీలో తీసుకోవడం పంట రోజుల్లో మామూలు. వాళ్ల నొప్పి నిజం. మర్నాడు కూలికి పోకపోతే గడవదన్నదీ నిజం. కాకపోతే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి వడపోత ఉండకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి, ఉప్పును పట్టి ఉంచి బీపీని పెంచుతాయి. పోయే నాళాన్ని టెల్మిసార్టన్ వదులు చేసి ఉంచింది. మూత్రం ఎక్కువ పోయే గోలీ కూడా వాడుతూ, ఏప్రిల్ ఎండలో మిర్చి కల్లంలో నీళ్లు తాగక ఒళ్లెండితే మూడూ కలిసి రెండు మూడు రోజుల్లోనే కిడ్నీని కూలదోయగలవు. షుగరూ బీపీ ఉన్నవాళ్లకు నొప్పికి పారాసిటమాల్ క్షేమం. సూది వేసే ముందు 'నాకు షుగరూ బీపీ ఉన్నయ్, కిడ్నీకి దెబ్బ కొట్టే మందు వద్దు' అని నోరు తెరిచి చెప్పాలి. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజున కొన్ని గోలీలను, ముఖ్యంగా మెట్‌ఫార్మిన్‌నూ, మూత్రంలో చక్కెర పోగొట్టే కొత్త మందులనూ, ఈ సార్టన్, ప్రిల్ మందులనూ తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో జబ్బుపడకముందే డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోవడం మేలు. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

కళ్లు తిరగడం గురించి రెండు మాటలు. షుగర్ ఉన్నవాళ్లకు కళ్లు తిరిగితే ఇంట్లోవాళ్లు గబుక్కున నోట్లో చక్కెర పోస్తారు. షుగర్ నిజంగా పడిపోతే అది ప్రాణం నిలబెట్టే పని. కానీ ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో నాళాలను సర్దే నరాలు మొద్దుబారి, మంచం మీంచి లేవగానే బీపీ జారిపోతుంది. పై అంకె 20 పాయింట్లు దిగిపోవచ్చు. తిరిగేది అదే తల, కారణం వేరు. కూర్చున్నప్పుడు 150, నిలబడితే 110 ఉన్న మనిషికి కూర్చున్న అంకె చూసి మందు పెంచితే పొద్దున్నే బాత్‌రూమ్ దగ్గర పడి తుంటి విరుగుతుంది. అందుకే దవాఖానలో నిలబెట్టి కూడా ఓసారి బీపీ చూడమనాలి. ఇంట్లో చూసుకునేవాళ్లు చాయా బీడీ అయిన అరగంటకు, మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చుని, చేతిని గుండె ఎత్తున పెట్టి, మాట్లాడకుండా చూసుకోవాలి. చేతికి పట్టీ కట్టి బీపీ కొలిచే పద్ధతిని 1896లో ఇటలీకి చెందిన రివా రోచి కనిపెట్టాడు, దానికి స్టెతస్కోపు శబ్దాలను 1905లో రష్యాకు చెందిన కొరట్‌కోవ్ జోడించాడు. నూట ఇరవై ఏళ్లుగా సూత్రం మారలేదు, హడావిడిగా కొలిచి తప్పు అంకె రాసుకోవడమూ మారలేదు.

మందులు అందడం మునుపటికన్నా చాలా నయం. 2017 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి ఆర్భాటం లేనిది: అందరికీ ఒకే వరుసలో కొద్ది రకాల చౌక మందులు, నెలకు సరిపడా ఒక్కసారే ఇవ్వడం, ఎవరు రాలేదో చూసి కబురుపెట్టడం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గదులు కుట్టిన సంచుల్లో షుగర్, బీపీ గోలీలు ఇచ్చిన ఎన్‌సీడీ కిట్లూ తర్వాత వచ్చాయి. పెద్ద ఇబ్బంది వస్తే చూపించుకునే చోటూ దగ్గరపడింది. ఒకప్పుడు కేసముద్రం మనిషికి పెద్దాసుపత్రి అంటే రైలెక్కి వరంగల్ ఎంజీఎం. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా అయింది, 2022లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయినా సబ్‌సెంటర్లో గోలీలు అయిపోయిన వారం, కోతల వల్ల వెళ్లలేకపోయిన వారం వస్తూనే ఉంటాయి. ప్రయాణాల్లో మరీ. ఆ 2024 వరదలప్పుడు రైళ్లు దారిలో స్టేషన్లలోనే ఆగిపోయి జనం గంటల తరబడి చిక్కుకుపోయారు. గోలీలు ఇంట్లో పెట్టి ఒక్క పూట ప్రయాణమే గదా అని బయలుదేరినవాళ్లకు అట్లాంటి రోజు దుకాణం కూడా దొరకదు. వారానికి సరిపడా గోలీలు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి, బీపీవి కూడా.

గోలీ ఏ పూట వేసుకోవాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. రాత్రి వేసుకుంటే గుండెకు ఎక్కువ మంచిదని కొన్నాళ్లు ప్రచారం జరిగింది. బ్రిటన్‌లో 21,104 మందిని పొద్దున వేసుకునేవాళ్లుగా, రాత్రి వేసుకునేవాళ్లుగా పంచి ఐదేళ్లకు పైగా చూశారు. 2022లో ఫలితం వచ్చింది: గుండెపోట్లలో, పక్షవాతాల్లో తేడా లేదు. కాబట్టి మూత్రం ఎక్కువ పోయే గోలీని నిద్ర చెడకుండా పొద్దునకు ఉంచుకుని, మిగతాది ఏ పూట మరచిపోకుండా ఉంటారో ఆ పూటే వేసుకోవచ్చు. షుగర్ గోలీని తప్పకుండా వేసుకునే పూట ఒకటి ఉంటుంది కదా, డాక్టరు సరేనంటే రెండో గోలీనీ దాని పక్కనే పెట్టుకోండి.